హారతి ముందు, మిషను తర్వాత

మా ఇంట్లో ఏ ఇంజనూ హారతి చూడకుండా కదిలేది కాదు. తెలుగు ఊరు విడిచి ఈ హిందీ ఊరొచ్చిన తాతగారు పెట్టిన కట్టు అది. గోవింద్‌పూర్ రోడ్డు పక్కన మా షెడ్డులో పొద్దున్నే లారీలు వరసగా నిలబడి ఉండేవి. డ్రైవర్లు తాళంచెవి చేతిలో పట్టుకుని సీట్లలో కూర్చునేవారు గాని తిప్పేవారు కాదు. మా పెదనాన్న ఒక చేత్తో ధూపం గిన్నె, ఇంకో చేత్తో కర్పూరం పళ్ళెం పట్టుకుని ఒక్కొక్క లారీ ముందూ ఆగేవారు. బొగ్గు నిప్పుల మీద సాంబ్రాణి చిటపటలాడేది. ఆ పొగ బానెట్టుకి చూపించి, చక్రాలకి చూపించి, చివరికి డ్రైవరుకి చూపించి తల ఊపేవారు. అప్పుడు తిరిగేది తాళం. ఫ్యాక్టరీలో లోడు ఆలస్యమైనా, బయట వాన దంచి కొడుతున్నా ఆ వరస మారేది కాదు.

ఒకే ఒక్కసారి మారిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. పెదనాన్న జ్వరంతో లేవలేని రోజున ఒక లారీ ధూపం చూడకుండా వెళ్ళి కొండ ఘాటీలో బోల్తా పడిందట. మా కష్టాలు ఆ రోజుతోనే మొదలయ్యాయని ఆయన నమ్మకం. నాకు తెలిసినంతలో అవి అంతకు ముందే మొదలయ్యాయి. లారీల్లో కాదు, వాటాల్లో. ఆ మాట ఆయనతో నేనెప్పుడూ అనలేదు. కొన్ని లారీలు పంపకాల్లో పోయాయి, కొన్నిటిని బ్యాంకు తీసుకుపోయింది, మిగిలినవాటిని తుప్పు తినేసింది.

షెడ్డు ఉన్నచోట ఇప్పుడు లారీలను తూచే కాంటా ఉంది. ఆ ఆవరణలోనే, గేటు పక్క మూలన ఒక రేకు గది, దాని మీద ఆకుపచ్చ బోర్డు. బళ్ళ పొగ పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే గది అది. గది నాది. కింద నేల కాంటా యజమానిది. ఆ నేల ఒకప్పుడు ఎవరిదో నేను ఎవరికీ చెప్పను. తెలిసినవాళ్ళు కూడా తెలియనట్టే ఉంటే నాకు చాలు.

నాకు యాభై దాటాయి. పెళ్ళి కాలేదు. అడిగినవాళ్ళు మా ఇంటికి తగరని మేమనుకున్నాం. తగినవాళ్ళు కొన్నాళ్ళకి అడగడం మానేశారు. కాసిడీహ్‌లో రెండు గదుల అద్దె వాటాలో నేనూ, పెదనాన్నా ఉంటాం. ఆయనకు పిల్లలు లేరు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పొద్దున్నే స్కూటరు మీద నేను ముందు, ఆయన వెనక. సాక్చి బజారు దాటేసరికే ముక్కులో దుమ్ము. ధూపం గిన్నె గుడ్డసంచిలో ఆయన ఒళ్ళో ఉంటుంది. లారీల ఫ్యాక్టరీ దగ్గర పడేకొద్దీ కొత్త చాసీలు ఎదురవుతాయి. తొట్టి ఉండదు, తలుపులుండవు. డ్రైవర్లు మొహానికి గంఛా తువ్వాళ్ళు చుట్టుకుని ఒట్టి సీటు మీద కూర్చుని ఒకరి వెనక ఒకరు పోతుంటారు. పెదనాన్న ఒక్కొక్కదాన్నీ తల తిప్పి చూస్తారు.

గది తెరవగానే పక్కనున్న టీ కొట్టు పొయ్యిలోంచి నాలుగు నిప్పులు అడిగి తెచ్చుకుంటారు. టీ కొట్టువాడికి అది అలవాటే. పట్టకారు ఆయన చేతికే ఇస్తాడు. గాలికి కర్పూరం ఆరిపోతుందని తలుపు దగ్గరగా వేసి, పొగ మిషను ముందు నిలబడి ధూపం వేస్తారు. ఆ రేకు గది క్షణంలో నిండిపోతుంది. నాకు కళ్ళు మండుతాయి, తల బరువెక్కుతుంది. ఆయన తల ఊపాకే నేను మీట నొక్కుతాను. షెడ్డు పోయినా, లారీలు పోయినా, ఆయన తల ఊపితే కదలడానికి లోకంలో ఒక యంత్రం మిగిలి ఉంది. ఆ కాసేపూ ఆయన వెన్ను ఇదివరకటిలాగే నిలబడుతుంది. అందుకోసం నా తలనొప్పి పెద్ద లెక్కలోది కాదు.

ఈ పనిలో మర్యాద తక్కువ. జనానికి సర్టిఫికెట్ కావాలి గాని పరీక్ష అక్కర్లేదు. గొట్టం సైలెన్సర్‌లో పెట్టకుండానే కాగితం తీసి ఇచ్చే గదులున్నాయని ఊరంతటికీ తెలుసు. రోడ్డు అవతలే ఒకటుంది. నా గదిలో మాత్రం ఇంజను వేడెక్కేదాకా ఆగమంటాను, గొట్టం లోపలికంటా పెడతాను, తెర మీద అంకె ఎంతొస్తే అంతే. ఎవరైనా సర్దమంటే తలుపు చూపిస్తాను. ఇంకేమీ మిగలని ఇంట్లో గర్వం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అది నాకు తెలుసు. నాకు ఇంకో గర్వం కూడా ఉండేది. నా దగ్గరికొచ్చే పెట్రోలు బళ్ళలో ఫెయిలయ్యేవి చాలా తక్కువ. ఇనుము కరిగించే ఊరు, ఇంజన్ల మధ్య పుట్టి పెరిగిన జనం, బళ్ళను బాగా చూసుకుంటారు అనుకునేదాన్ని. చుట్టాలెవరైనా ఊరి గాలిని తిడితే, అది ఫ్యాక్టరీల పొగ, మా బళ్ళది కాదు అని చెప్పేదాన్ని.

కాంటా యజమాని మంచివాడే. మంచివాళ్ళు కూడా నేల ఖాళీ చేయమంటారు.

"దీదీ, మీ పొగ గది ఇంకెన్నాళ్ళు?" అన్నాడు ఒక సాయంత్రం, హిందీలో. "రేపు బళ్ళన్నీ బ్యాటరీవే. పొగే లేకపోతే ఏం చూస్తారు? ఈ మూల ఈ-రిక్షాలకి ఛార్జింగ్ పెడదామనుకుంటున్నాను. దుర్గాపూజ అయ్యేదాకా ఉండండి. తొందరేం లేదు."

తొందరేం లేదు అన్నప్పుడు తొందర మొదలైందని అర్థం. నేను సరేనన్నాను. బతిమాలడం నాకు రాదు. పెదనాన్నకి చెప్పలేదు. ఆ మూల పోతే ఆయన పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తారు?

ఆ రోజుల్లోనే వేరే ఊరి యూనివర్సిటీ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. సన్నగా, పొట్టి జుట్టుతో, బెంగాలీ యాస హిందీతో. పెద్ద పెద్ద ఊళ్ళలో బళ్ళు వదిలే పొగను కొలిచి, ఊరికీ ఊరికీ పోల్చే పని వాళ్ళది. ఊరికొక గది ఎంచుకుని, కొన్నేళ్ళపాటు అక్కడి అంకెలు తీసుకుంటూ ఉంటారట. ఎంచుకున్న గది ముందు బోర్డు కూడా పెడతారట. మా ఊళ్ళో నా గది చూడడానికి వచ్చింది.

కాంటా యజమాని అదంతా తన కిటికీలోంచి విన్నాడు. ఆ అమ్మాయి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే వచ్చి, "సర్కారు పని లాంటిదేనా? బోర్డు పెద్దదేనా?" అని అడిగాడు.

"అలాంటిదే అంటున్నారు."

"అయితే ఇంకేం దీదీ! మీ గది వాళ్ళు తీసుకుంటే మీరిక్కడే ఉండండి. బోర్డు చూసి నా కాంటాకి కూడా నాలుగు లారీలు ఎక్కువొస్తాయి. ఛార్జింగ్ గేటు అవతల పెట్టుకుంటాను."

ఇంత తేలిగ్గా పోయేది, ఇంత తేలిగ్గా నిలబడేది ఏదీ నాకు నచ్చదు. అయినా ఆ రాత్రి చాలాకాలం తర్వాత బాగా నిద్ర పట్టింది.

మర్నాడు ఆ అమ్మాయి ఒక తెల్ల కారు తెప్పించింది. మామూలు పెట్రోలు కారు, కొత్తదీ కాదు పాతదీ కాదు. దాన్ని నడిపేవాడు ఊరూరా ఆ కారుతోనే తిరుగుతాడట. కలకత్తాలో, రాంచీలో, విశాఖపట్నంలో, ఎక్కడ గది ఎంచుకోవాలన్నా ముందు ఈ కారును అక్కడి మిషను మీద పెడతారు.

"ఊళ్ళను పోల్చాలంటే ముందు మిషన్లను పోల్చాలి కదా మేడమ్. కారు ఒకటే. పెట్రోలు ఒకటే. అంకె మారిందంటే మిషను మారిందన్నమాట" అంది.

కొలిచాం. అంకె తక్కువ వచ్చింది. ఆ అమ్మాయి తన దగ్గరున్న అంకె చూసుకుని, ఇంజను ఇంకాస్త వేడెక్కనిచ్చి మళ్ళీ కొలవమంది. మళ్ళీ తక్కువే. అన్ని ఊళ్ళలోనూ దగ్గర దగ్గరగా వచ్చిన కారు, నా గదిలో మాత్రం ఏ ఊళ్ళోనూ లేనంత శుభ్రంగా ఉంది. ఆ అమ్మాయి నా మొహంలోకి సూటిగా చూడలేదు.

"మేడమ్, చాలాచోట్ల చేస్తుంటారు. తప్పుపట్టడం లేదు. మిషనులో ఏమైనా కాస్త సర్దించారా?"

తెల్ల కారు డ్రైవరు అద్దం తుడుస్తున్నవాడు తుడవడం ఆపాడు. నేను కుర్చీలోంచి లేచాను. కోపం వస్తే నా గొంతు తగ్గుతుంది. అది మా తాతగారి లక్షణమంటారు.

"రేపు నేను గది తెరిచేసరికి రండి. మళ్ళీ మూసేదాకా కూర్చోండి. నా చేతులు ఏం చేస్తున్నాయో చూడండి."

"అంత అవసరం లేదు మేడమ్..."

"మీకు లేదు. నాకుంది."

మర్నాడు మేం వెళ్ళేసరికి ఆ అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. పెదనాన్న ఆమెకి నమస్కారం పెట్టి, ఎప్పటిలాగే టీ కొట్టుకి వెళ్ళి నిప్పులు తెచ్చుకున్నారు. అతిథి ఉందని ఆ రోజు సాంబ్రాణి గుప్పెడు ఎక్కువే వేశారు. తలుపు దగ్గరగా వేశారు. ఆ అమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని మూలకి ఒదిగింది. ఆయన మిషనుకి ముందు, వెనక, గొట్టానికి, తెరకి, ఆఖరికి నాకు ధూపం చూపించి తల ఊపారు. నేను మీట నొక్కాను. మిషను లోపలి మోటారు గుర్రుమంటూ గాలి పీల్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ అమ్మాయి చున్నీ తీసేసి మిషను వెనక వైపుకి వంగి చూసింది. తర్వాత తలుపు తీసింది. పొగ బయటికి వెళ్తుంటే దాని వైపూ మిషను వైపూ మార్చి మార్చి చూసింది.

"రోజూ ఇలాగేనా?"

"రోజూ."

"ముందు ఇది, తర్వాత మిషనా? ఎప్పుడూ ఇదే వరసా?"

"ఎప్పుడూ."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు కాకుండా, తోటి మనిషికి చెప్పినట్టు చెప్పింది. మిషను ఆన్ చేయగానే అది ముందు గదిలో గాలిని పీల్చి, ఇదే శుభ్రమైన గాలి, ఇదే సున్నా అని పెట్టుకుంటుంది. నాది పాత మిషను, పొద్దున పెట్టుకున్న సున్నాతోనే రోజంతా నడుస్తుంది. బొగ్గు నిప్పుల్లోంచి, సాంబ్రాణిలోంచి, కర్పూరంలోంచి వచ్చేవి కూడా బండి పొగలో అది వెతికే సరుకులే. వాటిని సున్నా అనుకుంది కాబట్టి ఆ రోజు వచ్చిన ప్రతి బండిలోంచీ అంతంత తీసేసి చూపిస్తుంది.

"మీరు ఏమీ సర్దలేదు మేడమ్. నన్ను క్షమించండి" అంది.

ఆమె నవ్వలేదు. తెల్ల కారు డ్రైవరు నవ్వాడు. "ఇన్ని ఊళ్ళు తిరిగాం. మిషనుకే పూజ చేసి బండి పాస్ చేయించింది ఇక్కడే!"

నేను నింద తుడిచేయాలని ఆమెను పిలిచాను. నింద పోయింది. దాంతోపాటే నా చేత్తో ఇచ్చిన సర్టిఫికెట్ల మీద నాకున్న నమ్మకమూ, మా ఊరి బళ్ళ మీద నాకున్న గర్వమూ పోయాయి. గొట్టం పెట్టకుండా కాగితాలిచ్చేవాళ్ళకి తాము ఇస్తున్నది అబద్ధమని తెలుసు. నాకు ఆ మాత్రం కూడా తెలియలేదు.

"రేపు తలుపులన్నీ తీసి, పూజ లేకుండా మిషను వేయండి. కారును మళ్ళీ పెడదాం. మిగతా ఊళ్ళతో కలిస్తే మీ గదే. కలవకపోతే నేను వేరే గది వెతుక్కోవాలి. తర్వాత కూడా రోజూ అంతే. ముందు మిషను, పూజ తర్వాత ఎప్పుడైనా బయట చేసుకోండి. చిన్న మార్పే కదా?"

పెదనాన్న గుమ్మం పక్కన ధూపం గిన్నె పట్టుకుని నిలబడే ఉన్నారు. లారీలు నడిపించిన మనిషికి హిందీ నాకంటే బాగా వచ్చు. సాయంత్రం అన్నం ముందు కూర్చున్నాక అడిగారు.

"ఏటే అమ్మీ, నా ధూపం కల్తీ అంతందా ఆ గుంట?"

"కల్తీ అన్లేదు పెదనాన్నా. మిషను దాన్ని పీల్సుకొని లెక్క తప్పుతోందంట."

"లారీల పొగ, ఆటోల పొగ తాగడానికే గదా దాన్నక్కడెట్టినావు. అంత తాగుబోతుకి సాంబ్రాణి పడదేటి?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"పడుద్ది. అందుకే తంటా. అదే మంచి గాలనుకుంతంది."

"అనుకోనీ. మంచి గాలే గదా!"

"ముందు నేను మిషను ఏసేత్తాను. తరవాత మీరు బయట, తలుపు కాడ ధూపం ఏసుకోండి."

"లారీ బోల్తా పడ్డాక హారతిత్తావేటి?"

పప్పు గిన్నె ఆయన వైపు జరిపాను. ముట్టుకోలేదు.

"గది పోతాది పెదనాన్నా" అన్నాను చివరికి.

"ఏ గది?"

"మన గదే. వీళ్ళు తీసుకోపోతే కాంటా ఆయన ఆ మూల ఖాళీ సెయ్యమన్నాడు. రిక్షాలకి ఛార్జింగెడతాడంట."

ఎప్పుడన్నాడని అడగలేదు. నాకెందుకు చెప్పలేదనీ అడగలేదు. పళ్ళెంలో మెతుకులు వేలితో ఒక పక్కకి చేర్చుకున్నారు.

"నీ ఇట్టం. రేపు నాను రాను" అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

పొద్దున్న నేను స్కూటరు తీసేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. చేతిలో సంచి లేదు. ఎక్కి కూర్చున్నారు. గోవింద్‌పూర్‌లో దిగాక గది వైపు రాలేదు. టీ కొట్టు బల్ల మీద, గదికి వీపు పెట్టి కూర్చున్నారు. నేను తలుపూ కిటికీ బార్లా తీసి, గాలి ఆడేదాకా ఆగి, మిషను ముందు నిలబడ్డాను. మీట మీద వేలు పెట్టాను గాని నొక్కలేకపోయాను. ఎవరో తల ఊపాలని చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఆ అమ్మాయి చూస్తోంది. నొక్కాను.

తెల్ల కారు అంకె ఈసారి మిగతా ఊళ్ళ పక్కన సరిగ్గా కూర్చుంది. ఇంకోసారి కొలిచినా అంతే. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఊపింది. కాంటా యజమాని అప్పటికప్పుడు బోర్డు ఎక్కడ బాగుంటుందో అడుగులు వేసి చూసుకున్నాడు. నేను టీ కొట్టు దగ్గరికి వెళ్ళాను.

"అయిందా?" అన్నారు పెదనాన్న, వెనక్కి తిరగకుండానే.

"అయింది."

"గదుంటాదా?"

"ఉంటాది."

"మరింకేటి. నీక్కూడా ఓ టీ సెప్పు."

ఆ తర్వాత కూడా రోజూ వచ్చేవారు. రోజూ అదే బల్ల, అదే వీపు. టీ కొట్టువాడు మొదట్లో అలవాటు కొద్దీ పట్టకారు చాపేవాడు. ఆయన చూడనట్టు ఉండేసరికి మానేశాడు. పొద్దున నాకు తలనొప్పి రావడం లేదు. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

బోర్డు వచ్చింది. దాంతోపాటు ఫెయిళ్ళూ వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా నా దగ్గర పాసవుతున్న స్కూటర్లు, ఆటోలు, పాత కార్లు గీత దాటడం మొదలుపెట్టాయి. బళ్ళు మారలేదు; సున్నా మారింది. జనానికి అది ఎలా చెప్పను? కొందరు మిషను పాడైందన్నారు. కొందరు బోర్డు వచ్చాక దీదీకి పొగరెక్కిందన్నారు. ఎక్కువమంది మాత్రం, పెదబాబుగారు పూజ మానేశారు, అందుకే బళ్ళు ఫెయిలవుతున్నాయి అన్నారు. గోవింద్‌పూర్ కాలనీల్లో మా తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ ఈ మాట పాకింది. మూఢనమ్మకమని కొట్టిపారేద్దామంటే, అది నిజం.

ఒక స్కూలు మాస్టారు, చర్చి దగ్గర ఉంటాడు, చదువుకున్న మనిషి. స్కూటరు ఫెయిలైతే ఆయనకి మొత్తం వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే సిస్టర్, పూజ వల్లే మా బళ్ళు పాసయ్యేవన్నమాట."

"అవునండి."

"పూజ ఆపాక ఫెయిలవుతున్నాయి."

"అవునండి."

"మరి ఎందుకాపారు?"

ఆయన వెటకారమేమీ ఆడలేదు. నిజంగానే అడిగాడు. నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక, కార్బురేటర్ శుభ్రం చేయించుకుని రమ్మన్నాను.

వర్షాలు తగ్గుముఖం పట్టాక ఒక రోజు ఒక ఆటో వచ్చింది. నడిపేది మా పాత డ్రైవరు ఒకతని కొడుకు. తండ్రి మా లారీ తోలాడు. కొడుకు సాక్చికి ఆటో తిప్పుతాడు. గొట్టం పెట్టాను. ఫెయిలైంది. కొంచెం కాదు, బాగా.

"అరే దీదీ, ఏటిది! పోయిన్‌సారి పాసైన బండే గదా. ఫిర్ సే దేఖో నా."

మళ్ళీ చూశాను. అంతే.

"ఇంజను పని సేయించాలి. నూనె కూడా కాలుతోంది, వాసన తెలుత్తంది" అన్నాను.

అతను నేరుగా టీ కొట్టు దగ్గరికి వెళ్ళి పెదనాన్న కాళ్ళకి దండం పెట్టాడు. కొట్టు దగ్గర నలుగురు డ్రైవర్లున్నారు. కాంటా కిటికీలోంచి యజమాని కూడా తల బయటపెట్టాడు.

"పెదబాబూ, ఒక్కపాలి ధూపం ఏసీండి బావూ. మీరు ఏత్తే పాసైపోద్దని అందరూ సెప్తన్నారు. పొద్దున్నే వత్తాను, దీదీ మిషను ఎయ్యకముందే."

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పెదనాన్న ఒప్పుకుంటే నేను కాదనగలనా? ఆ బల్ల మీద వీపు తిప్పుకుని కూర్చున్న ఆ రోజులన్నిటి తర్వాత ఒక మనిషి వచ్చి ఆయన హారతి కావాలని అడుగుతున్నాడు. ఆయన తల ఊపితే మర్నాడు మిషను తప్పు చెబుతుంది, ఆ అమ్మాయి మళ్ళీ వస్తుంది, గది పోతుంది. అది ఆయనకీ తెలుసు. నేను ఆయన వీపు వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"ఒరే, మీ అయ్య మా లారీ తోల్నప్పుడు నానెందుకురా హారతిచ్చీవోణ్ణి?"

"బండి సల్లగుండాలని బావూ."

"ఆఁ. బండి సల్లగుండాలని. నీ బండికి లోపల రోగవుంది. ధూపమేసి ఆ రోగాన్ని దాసీమంతావా? నానిప్పుడు ఏత్తే అది దేవుడికేసినట్టా, నీ సైలెన్సర్‌కేసినట్టా?"

"ఒక్కపాలికే బావూ! నాలుగు డబ్బులు కమాయించి తరవాత బాగు సేయించుకుంటాను."

"బాగు సేయించుకొని రా. అప్పుడు నీ బండికి హారతిత్తాను. ఇక్కడ, రోడ్డు మీద, అందరూ సూత్తండగా. ఆ మిషను జోలికి మాత్రం పోను."

డ్రైవర్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆటో అతనికి తల కొట్టేసినట్టయింది. లేచి నిలబడ్డాడు.

"ఇంత పొగరుంటే లారీలు పోక ఏటవుతాయి" అన్నాడు. మెల్లగానే అన్నాడు గాని అందరికీ వినబడింది.

ఆటో వెనక్కి తిప్పి రోడ్డు దాటాడు. అవతలి గది ముందు ఇంజను ఆపకుండానే నిలబెట్టాడు. లోపలికి వెళ్ళినవాడు అంతలోనే కాగితం మడుస్తూ బయటికొచ్చాడు. మా వైపు చూడకుండా సాక్చి వైపు వెళ్ళిపోయాడు. వెనక నీలం పొగ కాసేపు రోడ్డు మీద నిలిచింది.

నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను. కొంతసేపటికి గుమ్మంలో నీడ పడింది. ఇన్నాళ్ళ తర్వాత పెదనాన్న గదిలోకి వచ్చారు. మిషను చుట్టూ తిరిగి వెనక పక్కకి వంగారు.

"ఇక్కణ్ణించేనా పీల్సుద్ది?"

"అక్కణ్ణించే."

అరచెయ్యి అక్కడ పెట్టి చూశారు. గాలి లాగుతుంటే తెలిసినట్టుంది.

"మరి అమ్మీ, ధూపం నేకపోతే ఇది పీల్సేది ఏటి? ఈ రోడ్డు గాలే గదా?"

"అదే."

"ఆ ఎదవ బండొదిలిందీ, ఆ లారీలొదిలిందీ, అంతా కలిపి దీనికి సున్నాయేనా?"

ఆ అమ్మాయిని ఇది నేను అడగలేదు. తలుపులు తీసి పెట్టమంది, తీశాను.

"ఏ ఊళ్ళోనైనా బయట గాల్నే పీల్సుద్ది గదా పెదనాన్నా."

"కలకత్తాలోనా?"

"అక్కడా అంతే."

"ఇశాపట్నంలోనా?"

"అక్కడా."

"అయితే అందరం ఒకటే" అని స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఆయన అలిసిపోయి ఉన్నారు. నేనూ అంతే. మధ్యాహ్నం దాకా ఇంకో బండి రాలేదు. డబ్బాలో ఆయన అన్నం కలిపి సగం నాకు పెట్టారు. తలుపు తెరిచే ఉంచి, ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ తిన్నాం.